లష్కర్ బోనాలు: మొదటిసారి బోనం ఎత్తేవాళ్లకు ఏం తెలియాలి?

తెనాలి_కోడలు
మాది తెనాలి, అత్తగారిది సికింద్రాబాద్, ఇక్కడివాళ్లు లష్కర్ అంటారు. ఈ ఆదివారం ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి బోనం నేనే ఎత్తాలి. వీడియోలు చూసేకొద్దీ గందరగోళం పెరుగుతోంది. ఒకరు బెల్లం అన్నం అంటారు, ఒకరు పెరుగన్నం అంటారు, ఉల్లిపాయ లేకపోతే బోనమే కాదని ఇంకొకరు. కుండ మట్టిదా, ఇత్తడిదా? దీపం గుడిదాకా ఆరకుండా ఎలా తీసుకెళ్తారు? సాక అంటే ఏమిటి? మా వైపు పోలేరమ్మకి గుడి దగ్గరే పొయ్యి పెట్టి పొంగలి వండుతాం. ఇంట్లో వండి నెత్తిన పెట్టుకుని వెళ్లే అలవాటు లేదు. అసలు ఎందుకిలా చేస్తారో కూడా చెప్పండి, తెలిసి చేస్తే మనసు నిలుస్తుంది.

లష్కర్_గల్లీ
ముందుగాల ఎందుకు అన్నది చెప్తా, మిగిలినవన్నీ దాని వెనకనే వస్తయి. బోనం అంటే భోజనం. ఆషాఢంల అమ్మవారు పుట్టింటికి వస్తదని మన నమ్మకం. పెండ్లయిన ఆడబిడ్డ ఇంటికొస్తే ఏం చేస్తం? ఎదురువోతం, కాళ్లకు నీళ్లిస్తం, వేడివేడిగ వండి పెడ్తం, ఒడిబియ్యం పోస్తం, ఊరి పొలిమేర దాక సాగనంపుతం. లష్కర్ల జరిగేది అచ్చం అదే వరుస. రెండు వారాల ముందు ఘటం (అమ్మ రూపంగ అలంకరించిన కలశం) ఎదుర్కోలు, ఆదివారం బోనం, సోమవారం రంగం (భవిష్యవాణి), ఏనుగు అంబారీ ఊరేగింపు, సాగనంపుడు. ఏ సందేహం వచ్చినా 'ఇంటికొచ్చిన బిడ్డకైతే ఎట్ల చేస్తం' అని అడుక్కో చెల్లె, సగం జవాబులు నీకే దొరుకుతయి.

వేపమండ
పుట్టిల్లు సరే, లష్కర్ గుడి సంగతి వేరు. ఆ గుడి పుట్టిందే మొక్కులోంచి. 1813లో జంటనగరాల్లో మహమ్మారి వచ్చి వేలమంది పోయారు. కొందరు ప్లేగు అంటారు, కొందరు కలరా అంటారు. అప్పుడు సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య తన దళంతో ఉజ్జయినిలో ఉన్నాడు. మా ఊరు ఈ రోగం నుంచి బయటపడితే నీ విగ్రహం తీసుకెళ్లి అక్కడ నిలుపుతానని ఉజ్జయిని మహంకాళికి మొక్కుకున్నాడు. తిరిగొచ్చాక 1815లో కట్టె విగ్రహం ప్రతిష్ఠించారు. 1864లో దాని స్థానంలో రాతి విగ్రహం వచ్చింది. కాబట్టి అక్కడ బోనం అంటే మొక్కు చెల్లింపు.

లష్కర్_గల్లీ
నేను కాదన్లే వేపమండ అన్నా. గుడి మొక్కుతోని వచ్చింది, బోనం మాత్రం గుడి కన్నా పాతది. ఊరూరా పోచమ్మకు, ఎల్లమ్మకు, మైసమ్మకు ఎన్ని తరాల నుంచి ఎత్తుతున్నరో. అప్పయ్య అమ్మను తెచ్చిండు, జనం తమకు తెలిసిన తీరుగ అన్నం పెట్టిన్రు.

పాతబస్తీ_పద్మ
అప్పయ్య గారి కథలో ఇంకొక ముక్క ఉంది. గుడి కోసం స్థలం బాగుచేస్తుంటే అక్కడి బావిలో మాణిక్యాలదేవి విగ్రహం దొరికింది. ఆమెనూ మహంకాళి పక్కనే నిలిపారు. ఈసారి లోపలికి వెళ్లినప్పుడు ఒక్క మూర్తికే దండం పెట్టి బయటికి రాకండి, పక్కన మాణిక్యాలమ్మను కూడా చూడండి. తోపులాటలో చాలామంది గమనించరు.

కుమ్మరివాడ
కుండ గురించి నేను చెప్తా.

మొదటిసారి కాబట్టి మట్టి కుండనే తీసుకోండి. ఇత్తడిది చూడ్డానికి బాగుంటుంది కానీ బరువు, పైగా అన్నం వేడిగా ఉంటే అంచు కాలుతుంది, చెయ్యి ఆనించలేరు. మూడు లీటర్లు పట్టే కుండ, మెడ కొంచెం వెడల్పున్నది చూడండి. కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి వినండి. ఖంగుమంటే మంచిది. బొద్దుగా మోగితే ఎక్కడో నెర్రె ఉంది, కంటికి కనబడకపోయినా అన్నం బరువుకి విచ్చుకుంటుంది. దాంతోపాటు ఒక చిన్న ముంత, ఒక మూకుడు, ఒక ప్రమిద. నాలుగూ ఒక్క కొట్లోనే కొని, అక్కడే ఒకదాని మీద ఒకటి నిలబెట్టి చూసుకోండి. ముంత అడుగు కుండ మూతిలో ఊగితే వేరేది అడగండి. ఇంటికొచ్చాక దిద్దుకోలేరు.

కొత్త కుండను ముందు రోజు రాత్రంతా నీళ్లలో మునగబెట్టాలి. పొద్దున తీసి బోర్లించి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పగులుతుంది. నానబెట్టని కుండలో వేడి అన్నం వేస్తే మట్టి తడి మొత్తం పీల్చుకుని అన్నం గట్టిపడుతుంది, మట్టివాసన కూడా వస్తుంది.

తెనాలి_కోడలు
ఆ కుండలోనే వండాలా, వేరే గిన్నెలో వండి అందులో సర్దొచ్చా?

కుమ్మరివాడ
వేరే గిన్నెలో వండి సర్దడమే మేలు. గ్యాస్ పొయ్యి మంట ఒకే చోట తగులుతుంది, కొత్త కుండ అడుగు తట్టుకోదు. కట్టెల పొయ్యి ఉండి, సన్న సెగ మీద వండగలిగితే కుండలోనే వండొచ్చు, ముందొకసారి అందులో గంజి కాచి పారబోశాక. అయితే గిన్నె మాత్రం నీచు తగలనిది అయ్యుండాలి.

శ్రావణి_మౌలాలి
అలంకరణలో అందరూ చేసే తప్పు ఒకటుంది. సున్నం తడిగా ఉండగానే దాని మీద పసుపు పూస్తారు. రెండూ కలిసి ఎర్రగా మారతాయి, పారాణి కలిపినట్టే. కుండ మొత్తం మచ్చలు మచ్చలుగా అయి, మళ్లీ కడిగే టైం ఉండదు. ముందు కుండంతా పసుపు నీళ్లతో పల్చగా పూసి పూర్తిగా ఆరనివ్వండి, గంటన్నర పడుతుంది. తర్వాత సున్నంతో నిలువు చారలు. సున్నం మజ్జిగలా పల్చగా ఉండాలి, చిక్కగా పెడితే ఎండాక పెచ్చులూడుతుంది. చివర్లో కుంకుమ బొట్లు. కుంకుమ పొడిగా అద్దితే రాలుతుంది, రెండు చుక్కల నూనెలో రంగరించి వేలితో పెట్టండి. కుండ మెడకు వేప మండలు దారంతో కట్టాలి, ఆకులు కిందికి వేలాడాలి.

పాతబస్తీ_పద్మ
శ్రావణీ, చారల దగ్గర ఆ ఎరుపు కొంచెం రావడం అందమే. సున్నం గీత అంచున సన్నగా కుంకుమ గీత గీసినట్టు కనబడుతుంది. మా దిక్కు కావాలనే పసుపు కొద్దిగా తడిగా ఉండగా చారలు లాగుతారు.

శ్రావణి_మౌలాలి
చెయ్యి తిరిగినవాళ్లు చేస్తే అందం అక్కా, మొదటిసారి చేసేవాళ్లకు మచ్చలే 🙂

గండదీపం
వంట సంగతి రాస్తున్నా. ఒక గ్లాసు బియ్యానికి పిడికెడు పెసరపప్పు, మూడు గ్లాసుల నీళ్లు, ఒక గ్లాసు పాలు, ఒక గ్లాసు తరిగిన బెల్లం. బియ్యం పప్పు కలిపి నీళ్లలో మెత్తగా ఉడికించాలి. మెత్తబడకముందే బెల్లం వేస్తే మెతుకు అక్కడే ఆగిపోతుంది, ఎంతసేపు మంట పెట్టినా ఇక ఉడకదు. తర్వాత కాచిన పాలు పోసి దగ్గరకి రానిచ్చి స్టవ్ ఆపేయండి. బెల్లం విడిగా పావు గ్లాసు నీళ్లలో కరిగించి వడకట్టాలి. అడుగున ఇసుక ఎంత మిగులుతుందో చూస్తే వడకట్టకుండా ఇంకెప్పుడూ వేయరు. ఆ పాకం గోరువెచ్చబడ్డాక, అన్నం పొగలు తగ్గాక కలపండి. పాలు మరుగుతుండగా బెల్లం పోస్తే విరుగుతాయి, పోయినేడు ఇక్కడే ముగ్గురు అడిగారు ఎందుకు విరిగిందని.

ఉప్పు వేయొద్దు. రుచి చూడొద్దు. మూడు లీటర్ల కుండకు ఈ కొలత సరిపోతుంది. ముప్పావు వంతు వరకే నింపాలి.

మెదక్_మల్లన్న
మా దిక్కు పెరుగన్నమే. వండిన అన్నం చల్లార్చి, పెరుగు కలిపి, ఉల్లిగడ్డ తరిగి పైన వేస్తం. పోచమ్మ సల్లదనం కోరే తల్లి, సల్లటిదే పెట్టాలె. బెల్లం అన్నం పట్నపోళ్లది.

గండదీపం
మెదక్ అన్నా, అలా తేల్చేస్తే ఎలా? ఎల్లమ్మకు బెల్లం పరమాన్నం ఊళ్లలోనూ పెడతారు.

జమిడిక
ఉల్లిగడ్డ పంచాయితీ ప్రతి ఆషాఢంలో ఘటం కన్నా ముందే బయల్దేరుతది. రెండూ ఉన్నయి, రెండూ సరైనవే. తెలుసుకోవాల్సింది ఒక్కటే: మీ అత్తగారి ఇంట్లో ఎవరి పేరున బోనం, ఏ అన్నం. ఇంటి ఆచారం అమ్మవారికి తెలుసు, కొత్తది మనం నేర్పొద్దు. కొన్ని ఇండ్లల్ల పసుపు కలిపిన అన్నం కూడా పెడ్తరు. అడగండి, అదే పెట్టండి.

తెనాలి_కోడలు
అడిగాను. బెల్లం అన్నమే, పైన ముంతలో బెల్లం పానకం అన్నారు. హమ్మయ్య.

గండదీపం
అయితే ఒక జాగ్రత్త. అన్నం వేడిగా ఉండగా కుండలో పెట్టి ముంతతో మూసేస్తే ఆవిరి పైకి తన్ని మూతి దగ్గర తడి చేరుతుంది. పసుపు, సున్నం కారతాయి, ముంత జారుతుంది. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే సర్దండి. ముంతలో పానకం సగానికి మించి పోయొద్దు, ప్రతి అడుగుకీ తొణుకుతుంది.

ఇక దీపం. ముంత మీద మూకుడు, మూకుడులో గుప్పెడు బియ్యం, ఆ బియ్యంలో ప్రమిదను కొంచెం గుచ్చినట్టు కూర్చోబెట్టాలి. బియ్యం లేకుండా మట్టి మీద మట్టి పెడితే జారుతుంది. నూనె ముప్పావు వంతే. అంచుదాకా పోస్తే తల వంచినప్పుడు నుదుటి మీద పడుతుంది, కాగిన నూనె. ఆముదం వాడితే నిదానంగా కాలుతుంది, నువ్వుల నూనె కూడా ఫర్వాలేదు. వత్తి చిటికెన వేలంత లావు ఉండాలి, రెండు వత్తులు కలిపి పేనండి. సన్న వత్తి గాలికి నిలవదు. మంటకీ వేపాకుకీ మధ్య కనీసం నాలుగు వేళ్ల ఎడం. సీసాలో కొంచెం నూనె, అగ్గిపెట్టె వెంట వచ్చేవాళ్ల దగ్గర ఉంచండి.

వేపమండ
ఆరిపోతే అపశకునం అనుకోవాలా?

గండదీపం
అనుకోనక్కర్లేదు. పక్కనున్న బోనం దీపం నుంచి వెలిగించుకోవడం లష్కర్‌లో మామూలే. జూలై నెల, వాన ఏ క్షణంలోనైనా పడుతుంది. అమ్మ ఇంటి బయట ఆడవాళ్లు ఒకరి దీపం నుంచి ఒకరు వెలిగించుకోవడాన్ని తప్పు అనే పెద్దమనిషిని చూడలేదు.

రాంనగర్_రజిత
బ్యాటరీ దీపం పెట్టుకుంటున్నారు ఈ మధ్య. అది మాత్రం నాకు నచ్చలేదు.

గండదీపం
నాకూ నచ్చదు. కానీ చిన్నపిల్లల నెత్తిన పెట్టే చిట్టి బోనాలకు అదే క్షేమం. పెద్దవాళ్లు మాత్రం నిజం దీపమే పెట్టండి. ముఖ్యంగా చీర: నైలాన్, జార్జెట్ వద్దు. నూలు గానీ పట్టు గానీ కట్టి కొంగు నడుముకి దోపండి. దారిలో తక్కువ ఎత్తులో కట్టిన పందిళ్లు, కాగితం తోరణాలు వస్తాయి, వెంట వచ్చేవాళ్లు వాటిని చూస్తూ ముందు నడవాలి.

శ్రావణి_మౌలాలి
నెత్తిన కుండ కింద పెట్టుకునే చుట్టబట్ట గురించి ఎవరూ చెప్పలేదు. పాత నూలు తువ్వాలు తీసుకుని మెలిపెట్టి, అరచేతి వెడల్పు గుండ్రంగా చుట్టండి. కొంచెం తడిపి గట్టిగా పిండి పెట్టుకుంటే జారదు. పట్టు గుడ్డతో ఎప్పుడూ చేయొద్దు, జారుడు. కొప్పు నడినెత్తిన కాకుండా మెడ దగ్గర వేసుకోవాలి. శనివారం సాయంత్రం కుండలో నీళ్లు పోసి వాకిట్లో ఇరవై నిమిషాలు నడిచి చూడండి. మెడ నిటారుగా, చూపు పది అడుగుల దూరంలో. కాళ్ల దగ్గరికి చూస్తే తల వంగుతుంది, తల వంగితే కుండ ముందుకి వస్తుంది. మోయలేమన్న భయం వద్దు. క్యూలో గంటసేపు నిలబడటమే కష్టం.

తెనాలి_కోడలు
క్యూలో కిందికి దించొచ్చా? నేల మీద పెట్టకూడదంటారు కదా.

లష్కర్_గల్లీ
ఉత్త నేల మీద పెట్టొద్దు. చేయి మార్చుకోవచ్చు, పక్కామె నెత్తికి ఎత్తొచ్చు. మరీ తప్పకపోతే ఒక పీట, లేదా చుట్టబట్ట మీద. బోనాలకు వేరే క్యూ ఉంటది, మామూలు దర్శనం లైన్ల నిలబడితే మధ్యాహ్నం అయితది. తెల్లారుజామున 4 గంటల ప్రాంతంల మొదలైతది. మొదటి హారతి, ప్రభుత్వం పట్టువస్త్రాలు, పెద్దమనుషుల రాకపోకలు అన్నీ అయ్యేదాక లైన్ ఆగి ఆగి నడుస్తది. ఎంజీ రోడ్డు, జనరల్ బజార్ దిక్కు బండ్లు రానియ్యరు. మెట్రోల ప్యారడైజ్ దిగినా, పరేడ్ గ్రౌండ్ దిగినా నడకే. దీపం గుడి దగ్గరికొచ్చినంక వెలిగించుకోండి, మెట్రోల మంట కుదరదు.

రాంనగర్_రజిత
సాక అడిగింది కదా ఆమె, ఎవరూ చెప్పట్లే.

జమిడిక
సాక అంటే చెంబు నీళ్లల్ల పసుపు, వేపాకు, కొంచెం బెల్లం. ఆ నీళ్లను వేప మండతోని గుడి ముందర చల్లుతరు, పోస్తరు. ఊరి పోచమ్మ దగ్గర కల్లు సాక కూడా పోస్తరు. బోనం ఇంట్ల నుంచి ఎత్తేటప్పుడు కడప ముందర ఒకసారి, గుడి ముందర ఒకసారి. దారిల ఎవరన్న వచ్చి నీ కాళ్ల మీద బిందెడు నీళ్లు పోస్తే ఉలికిపడకు బిడ్డా. బోనం ఎత్తిన ఆడమనిషి మీద అమ్మ ఉంటదని నమ్మకం. కాళ్లకు నీళ్లు పోసుడు అమ్మను సల్లబరుచుడు. పైన లష్కర్_గల్లీ చెప్పిన మాటనే, ఇంటికొచ్చిన బిడ్డకు కాళ్లకు నీళ్లిచ్చుడు. రోడ్డు జారుతది, చెప్పులు లేకుండ నడుస్తవు గనక మడమ గట్టిగ ఆనించి నడువు.

తెనాలి_కోడలు
బాబాయ్ గారూ, నీళ్లు పోసే సంగతి చెప్పి మంచిపని చేశారు. తెలియకపోతే నిజంగానే కుండ వదిలేసేదాన్ని.

ఈసీఐఎల్_సంతోష్
పసుపు, వేప, సున్నం అన్నీ క్రిములు చంపేవే. వానాకాలం మొదట్లో రోగాలు వస్తాయని పెద్దలు శాస్త్రీయంగా ఆలోచించి పెట్టిన పండుగ ఇది. అసలు కారణం అదే.

వేపమండ
సంతోష్, సగమే ఒప్పుకుంటా. వేపకి గుణం ఉంది, కాదనను. కానీ కుండ మెడకు కట్టిన నాలుగు మండలు కలరాని ఆపవు. అది మురికి నీళ్లతో వచ్చే జబ్బు. 1813లో జనానికి మందు లేదు, నీళ్ల సంగతి తెలియదు. తెలిసిందల్లా బిడ్డలు పోతున్నారని. అప్పుడు అమ్మను పిలిచారు. దాన్ని పట్టుకుని 'ముందే సైన్స్ తెలుసు' అంటే వాళ్ల దుఃఖాన్ని తుడిచేసినట్టు అవుతుంది. వాళ్ల భయం, వాళ్ల మొక్కు అట్లాగే ఉండనిద్దాం.

ఈసీఐఎల్_సంతోష్
ఈ కోణంలో ఆలోచించలేదు. వాకిలి కడిగి వేప తోరణం కట్టే శుభ్రత మాత్రం మంచిదే కదా.

వేపమండ
మంచిదే, దాంట్లో గొడవ లేదు.

పాతబస్తీ_పద్మ
మొక్కు సంగతి వచ్చింది కాబట్టి: లాల్ దర్వాజ సింహవాహిని గుడికి 1908 మూసీ వరదతో ముడి ఉంది. సెప్టెంబరు 28న నగరం మునిగినప్పుడు మహారాజా కిషన్ పర్షాద్ సలహా మీద ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అమ్మవారి పేరున పసుపు కుంకుమలు మూసీకి సమర్పించారని పాతబస్తీలో తరతరాలుగా చెప్పుకుంటారు. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం చివరి రోజు ఏనుగు మీద బయల్దేరి నయాపూల్ దాకా వచ్చి మూసీలో కలుస్తుంది. ఊరు భయపడ్డ ప్రతిసారీ ఇక్కడ ఒక గుడి గుర్తుంది.

రాంనగర్_రజిత
గుళ్ల వరుస కూడా చెప్పండి కొత్తవాళ్లకి. గోల్కొండ ముందు, తర్వాత లష్కర్, తర్వాత లాల్ దర్వాజ. 2025లో అయితే గోల్కొండ జూన్ 26, లష్కర్ జూలై 13, లాల్ దర్వాజ జూలై 20. గోల్కొండ జగదాంబకు గురువారాలు, ఆదివారాలు కలిపి తొమ్మిది పూజలు జరుగుతాయి. కాబట్టి ఆదివారం రద్దీ భరించలేనివాళ్లు గురువారం గోల్కొండకు ఎత్తొచ్చు.

శ్రావణి_మౌలాలి
బల్కంపేట ఎల్లమ్మను మర్చిపోయారు. మూలవిరాట్టు బావిలో, నేలమట్టానికి పదడుగుల కింద ఉంటుంది. ఆషాఢం మొదటి మంగళవారం కల్యాణం.

తెనాలి_కోడలు
గుడి లోపలికి వెళ్లాక ఏం జరుగుతుంది? కుండ వాళ్లు తీసుకుంటారా?

లష్కర్_గల్లీ
లేదు. దించినంక గరిటెతోని కొంత అన్నం తీసి అమ్మ ముందర పెడ్తరు. ముంతల పానకం సాకగ పోస్తరు. మిగిలింది నీకే ఇస్తరు, ప్రసాదం. దీపం అక్కడ పెట్టుమంటే పెట్టు. ఒడిబియ్యం తీసుకుపోతే ముందే సంచిల కట్టుకో: పసుపు కలిపిన బియ్యం, రవికె గుడ్డ, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, గాజులు, వీలైతే చీర. కొబ్బరికాయ వేరే మనిషి పట్టుకోవాలె, నీ రెండు చేతులు కుండకే.

ముందు నిలబడి దండం పెట్టే టైం పది సెకన్లు దొరికితే గొప్ప. చెప్పుకునేది లైన్ల నడుస్తుండంగనే చెప్పుకో.

మెదక్_మల్లన్న
శివసత్తులు (అమ్మ పూనే ఆడోళ్లు) శిగం ఊగుతుంటే, అంటే పూనకంల ఉంటే, దగ్గరికి వోయి ఫోన్లు పెట్టొద్దు. ఆమెకు ఆ టైంల ఒంటి మీద తెలివి ఉండది. జాగ ఇడువాలె, కాళ్లకు నీళ్లు పోయాలె, అంతే. పోతురాజు కొరడా తిప్పుతుంటే కూడా ఎడంగ ఉండాలె. పోతురాజు అమ్మకు తమ్ముడు, ముందర నడిచి తొవ్వ తీస్తడు. బోనాలు ఆయన వెనక నడువాలె, దాటిపోవద్దు.

ఈసీఐఎల్_సంతోష్
గావు పట్టడం (పోతురాజు మేకను నోటితో కొరికి బలివ్వడం) ఇంకా ఉందా?

మెదక్_మల్లన్న
గుళ్లల్ల జంతుబలికి 1950 చట్టం అడ్డం ఉంది. గుమ్మడికాయ, సొరకాయ కోస్తరు, గావు పట్టేది కూడ ఎక్కువ చోట్ల సొరకాయతోనే. ఇండ్లల్ల విందు వేరే సంగతి.

రాంనగర్_రజిత
రంగం చూడాలనుకుంటే సోమవారం పొద్దున. మాతంగి, అంటే అమ్మ పూని పలికే ఆమె, పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్తుంది. కాల్చని కుండ అది, చేతితో నొక్కితే సొట్టపడుతుంది. అట్లాంటి కుండ మీద మనిషి నిలబడుతుంది. వానలు, పంటలు, రోగాలు, ఈసారి పూజల్లో ఏం లోపం జరిగింది, అన్నీ నిలదీసి చెప్తుంది. టీవీలో చూసేవాళ్లు వానల మాటే వింటారు. నాకు మాత్రం 'నాకు సరిగా చెయ్యలేదు' అని అమ్మ అలిగే మాటలే ముఖ్యం. పుట్టింట్లో ఆడబిడ్డ అలిగినట్టే ఉంటుంది.

జమిడిక
ఆ మాట పట్టుకున్నవు తల్లీ. ఇంకొకటి గూడ చూడాలె. కుండ చేసేది కుమ్మరి, కథ చెప్పేది బైండ్లాయన, పలికేది మాతంగి. ఏడాది పొడుగునా ఎవరు ఎక్కడ నిలబడ్డా, ఆ రెండు రోజులు వీళ్లు లేంది అమ్మ కదలది. ఎల్లమ్మ కథ జమిడిక వాద్యం మీద చెప్పేటోళ్లు తక్కువైతున్నరు, డీజే పెట్టెలకు ఇచ్చే పైసలల్ల పదో వంతు వాళ్లకు ఇయ్యుండ్రి. అమ్మకు నైవేద్యం తెచ్చే ఫలహారం బండి ముందర జమిడిక వినబడక ఎన్నేండ్లాయె చాలా బస్తీలల్ల.

పాతబస్తీ_పద్మ
నిజం. ఈ థ్రెడ్‌లో బస్తీ కమిటీలవాళ్లు ఎవరైనా ఉంటే ఈ పైమాట మీ మీటింగులో చదవండి. 2014లో రాష్ట్ర పండుగ అయ్యింది, లైట్లు పెరిగాయి. కథ చెప్పేవాళ్లకి మాత్రం అరుగు కూడా దొరకట్లేదు.

అట్లాంటా_అక్క
ఇక్కడ హాల్లో మంట పెట్టనివ్వరు, మట్టి కుండ దొరకదు. ఏం చేయాలి?

శ్రావణి_మౌలాలి
రాగి చెంబు గానీ స్టీలు బిందె గానీ చాలు అక్కా. స్టీలు మీద పసుపు నిలవదు, జారిపోతుంది. పసుపులో చెంచా శనగపిండి కలిపి పూయండి, పట్టుకుంటుంది. వేపాకు ఇండియన్ కొట్టులో అడగండి, లేకపోతే మామిడాకు కట్టండి. దీపం హాలు బయట, అనుమతి ఉన్న చోట వెలిగించి అమ్మకు చూపించి అక్కడే ఆపేయండి.

బెజవాడ_భ్రమరాంబ
తెనాలి_కోడలు గారూ, కొత్త దేశం వెళ్తున్నట్టు కంగారు పడకండి. ఆషాఢంలోనే మన ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మకి ఊరూరి నుంచి సారె వస్తుంది. హైదరాబాద్ మహంకాళి బోనాల కమిటీవాళ్లు కూడా ఏటా కొండకి బంగారు బోనం తెస్తారు. మీరు పోలేరమ్మ గుడి దగ్గర పొయ్యి పెట్టి వండే పొంగలి, వాళ్లు ఇంట్లో వండి మోసుకెళ్లే బోనం, రెండూ ఆ తల్లికి వండి పెట్టే అన్నమే. తేడా పొయ్యి ఎక్కడ పెట్టామన్నదే.

తెనాలి_కోడలు
ఈ మాటకి కళ్లు చెమర్చాయి అక్కా. కుండ కొన్నాను, ఖంగుమంది. ఇప్పుడు నీళ్లలో ఉంది. ఒక్కటే మిగిలింది: తిరిగొచ్చాక ఆ కుండ ఏం చేయాలి?

కుమ్మరివాడ
పారేయొద్దు. కడిగి ఆరబెట్టి అటక మీద బోర్లిస్తే వచ్చే ఏడు నీళ్లు నిలిపే బిందెగా పనికొస్తుంది, కొందరు మళ్లీ బోనానికే వాడతారు. నెర్రె ఇస్తే వేపచెట్టు మొదట్లో పెట్టండి.

లష్కర్_గల్లీ
గుడి నుంచి వచ్చేటప్పుడు మాత్రం ఉత్త కుండ తేవద్దు. తొవ్వల ఎంతమందికి పంచినా అడుగున నాలుగు మెతుకులు ఉంచు. ఇంటికొచ్చి అందరికీ పెట్టినంకనే కడుగు. బెల్లం, పాలు వేసిన అన్నం గనక మధ్యాహ్నంలోపు తినేయండి, ఈ ముసురుకు సాయంత్రం దాక నిలువది.